పర్యాటక మండలికి అక్క రాయించిన అర్జీ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో గుమాస్తాని. మాది గుంటూరు వైపు. నల్గొండ వైపు కోటలూ గుళ్లూ చూపించే మా బస్సులో ఒకామె గైడుగా ఉండేది. ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆ నల్గొండ వైపు పల్లె నుంచే వచ్చి బడంగ్‌పేటలో ఉండేది. ఆమె శిల్పాల గురించి చెబుతుంటే డ్రైవరు కూడా దిగొచ్చి వినేవాడు.

ఒక బంద్ రోజు సగం దించిన షట్టర్ వెనక కూర్చుని ఉండగా అక్క పేపర్లో ఒక ప్రకటన చూపించింది. దేశం మొత్తానికీ ఉన్న పర్యాటక మండలిలో సభ్యుల్ని నియమించే పద్ధతి మారుస్తారట, ప్రజలు అభిప్రాయాలు పంపవచ్చట. అప్పటిదాకా పైవాళ్లు అనుకున్నవాళ్లే సభ్యులు. ఎక్కువమంది పెద్ద హోటళ్ల యజమానులే.

మనం రాస్తే ఎవరు చదువుతారని నేను అన్నాను.

"చదువుతరో లేదో వాళ్లిష్టం తమ్మీ. అడిగిన్రు కదా, చెప్దాం."

ఆమె చెప్పింది, నేను ఇంగ్లిషులో టైపు చేశాను. ఖాళీలు పేపర్లో ప్రకటించాలి. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫలానావారిని ఎందుకు ఎంపిక చేశారో చెప్పాలి. గైడ్లకొక స్థానం, డ్రైవర్లకొక స్థానం ఉండాలి. చివర 'ప్రార్థిస్తున్నాం' అని పెడితే కొట్టేయించింది. బయట ఊరేగింపు సాగుతోంది. ఆ రోజుల్లో నా యాస విని ఎవరేమంటారోనని నాకు బెరుకు. అక్క అది కనిపెట్టి, ఎల్‌బీ నగర్‌లో నా గది దాకా తోడు నడిచింది. దారంతా అర్జీ గురించే మాట్లాడింది.

కొన్నాళ్లకు నగరంలో జరిగే సమావేశానికి రమ్మని మండలి నుంచి పిలుపొచ్చింది. ఆ రోజూ బస్సుల్లేవు. నడిచే వెళ్లాం. అక్క తెలుగులో మాట్లాడితే నేను ఇంగ్లిషులో చెప్పాను. అధ్యక్షుడు నవ్వుతూ, సభ్యత్వం మీకే కావాలా అన్నాడు. నేను తెలుగులో చెప్పేలోపే ఆమెకు అర్థమైపోయింది.

"నా కోసం రాలే సార్. పోయినేడు మా గుట్ట మెట్ల మీద ఒక ముసలమ్మ పడ్డది. పట్టుకోనీకి కమ్మి లేదు. రోజూ ఆ మెట్లెక్కెటోళ్లు ఒక్కలన్న మీ పక్కకు కూసుంటే, గా కమ్మి ఎప్పుడో పడుతుండె."

నేను ఇంగ్లిషులో చెప్పగానే అధ్యక్షుడు నవ్వు ఆపి కాగితం మీద రాసుకున్నాడు. అంతమంది ముందు ఆమె గొంతు కాస్తయినా వణకలేదు.

కొత్త నిబంధనల్లో ఖాళీల ప్రకటన, గైడ్లకొక స్థానం వచ్చాయి. డ్రైవర్ల మాట లేదు, కారణాలు చెప్పాలన్న మాటా లేదు. నా బలవంతం మీద అక్క కూడా దరఖాస్తు పెట్టింది. ఆ స్థానం వేరే రాష్ట్రపు మహిళా గైడుకు దక్కింది. నాకు మనసు చివుక్కుమంది. అక్క మాత్రం ఆమె ఎన్నేళ్లుగా గైడో అడిగింది. ఇరవై ఏళ్లని చెప్పాను.

"అయితే మంచిదే. డ్రైవర్ల సంగతి ఆమెకు చెప్పాలె. అడ్రస్ దొరుకుతదేమో చూడు," అంది.

మర్నాడే ఆ ఉత్తరం టైపు చేశాను.