బాపు చీర పట్టుకుని ఉరికిన వార్త

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఛాయ్ తాగే నలుగురిలో ఇద్దరం విలేకరులమే ఉండేవాళ్లం. వార్తలే తక్కువ. శేరిగూడ దగ్గర ఇంజినీరింగ్ పూర్తి చేసి (పూర్తి అంటే, మిగిలిపోయిన నాలుగు సబ్జెక్టులు తప్ప) నేను ఒక టీవీ చానల్‌కు స్ట్రింగర్‌గా కుదిరాను. జీతం లేదు, కార్డు లేదు. "మంచి బ్రేకింగ్ ఒకటియ్యి బ్రదర్, లోగో పంపిస్తం" అని డెస్క్ వాళ్లు ఇచ్చిన మాట ఒక్కటే ఉంది. లోగో అంటే మైకుకు తగిలించే చానల్ గుర్తు. అది చేతిలో ఉంటే ఏ ఆఫీసుకు పోయినా కుర్చీ చూపిస్తారని మా నమ్మకం. నాకైతే దాన్ని ముందు మా బాపుకు చూపించాలని ఉండేది. ఆయన లెక్కలో నావన్నీ గాలి మాటలు. "వాడు పొద్దు పొడిసింది అన్నా జర బయటికొచ్చి చూసుకోండ్రి" అనేవాడు. ఇంట్లో నా మాట నమ్మేది అమ్మ ఒక్కతే.

ఆ ఏడు వానలు ఎడతెరిపి లేకుండా కురిసి మా పెద్ద చెరువు నిండుకుండలా తయారైంది. మిగులు నీళ్లు అలుగు మీంచి పారుతాయా, కట్టే తెగుతుందా అని ఊరంతా ఎదురుచూస్తోంది. నేనూ ఎదురుచూస్తున్నాను, చౌరస్తాలో కూర్చుని. (చెరువు దగ్గరికే పోయి ఎదురుచూడొచ్చు కదా అంటారేమో. వాన పడుతోంది. పైగా మిర్చి బజ్జీలు అప్పుడే నూనెలోంచి తీస్తున్నారు.) అంతలో కట్ట కింది గల్లీల్లోంచి జనం పరుగు మొదలైంది. చంకల్లో పిల్లలు, నెత్తిన బకెట్లు, చేతుల్లో దుప్పట్లు, దోమతెరలు, చీరలు. "ఏమైందన్నా?" అని అడిగితే ఒక్కడూ ఆగలేదు. నా గుండె దడదడలాడింది, కొంత భయంతో, కొంత లోగోతో. ఫోన్‌లో వీడియో తీసి పంపించి డెస్క్‌కు ఫోన్ చేస్తే నేరుగా లైవ్‌లో కలిపేశారు.

"చెప్పండి, కట్ట తెగిందా?" అని యాంకరమ్మ అడిగింది. నేను చూడలేదు. చూడలేదంటే లైను పోతుంది, లైనుతో పాటు లోగో పోతుంది. "జనం సామాన్లు పట్టుకుని ప్రాణభయంతో పరుగులు తీస్తున్నారండి" అన్నాను. "అంటే తెగినట్టేనా?" "పరిస్థితి చూస్తే అలాగే కనిపిస్తోందండి." మరుక్షణం తెర మీద 'కట్ట తెగింది' అని ఎర్ర పట్టీ పడింది. మొదట దాని చివర ఒక ప్రశ్నార్థకం ఉండేది. పక్క చానల్ వాళ్లు మా వార్తను ఎత్తుకుంటూ ప్రశ్నార్థకాన్ని వదిలేశారు. వాళ్లను చూసి మావాళ్లు కూడా తీసేశారు.

అంతా చెప్పేశాక, ఇక చూద్దామని చెరువు దగ్గరికి పోయాను. కట్ట చెక్కు చెదరలేదు. అలుగు పారుతోంది, చేపలు అలుగు మీంచి దుముకుతున్నాయి, సగం ఊరు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి దుప్పట్లూ చీరలూ అడ్డం పట్టి వాటిని పడుతోంది. నాకెవరూ జవాబివ్వంది ఇందుకన్నమాట. చేపలకు పోయేవాడు దారిలో ఎవరికీ చెప్పడు. అక్కడున్న కానిస్టేబుల్ తన ఫోన్‌లో మా వార్త చూసి, నా మొహం చూసి, "కట్ట మంచిగనే ఉన్నది తమ్మీ, తెగింది నీ నోరే" అన్నాడు. డెస్క్‌కు ఫోన్ చేసి తప్పు జరిగిందంటే, "జర ఆగు బ్రదర్, ఇప్పుడే అందరు మనల్ని చూస్తుండ్రు" అన్నారు.

మా ఇల్లు కట్ట కిందే అని నాకప్పుడు గుర్తొచ్చింది. ఉరికి చూస్తే తలుపుకు తాళం. కొట్టంలో బర్రె కూడా లేదు. గల్లీ మొత్తం గుట్ట మీది బడికి చేరింది. టీవీలో నా గొంతు వినగానే, "నా కొడుకే చెప్తుండు, వాడు చూడంది చెప్పడు" అని అమ్మ అందరినీ బయల్దేరదీసిందట. నేను పోయేసరికి బడి అరుగు మీద ఒక చేత్తో బర్రె తాడు, ఒక చేత్తో పక్కింటామె ఫోన్ పట్టుకుని కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిట్లు తప్పవనుకున్నాను.

"చూడు బిడ్డా, మీ బాపు" అంది.

నేను తీసిన వీడియోనే. నెత్తిన తువ్వాల కప్పుకున్న మనిషి ఆకుపచ్చ చీరను రొమ్ముకు హత్తుకుని ఉరుకుతున్నాడు. తీసేటప్పుడు నేను గుర్తుపట్టలేదు. అమ్మ చీరను బట్టి మనిషిని గుర్తుపట్టింది. బతుకమ్మ నాడు ఒక్కసారి కట్టి పెట్టెలో దాచుకున్న చీర అది. "ఇల్లు మునుగుతదంటె పట్టా కాయిదాలు ముట్టలే, పైసలు ముట్టలే. నా చీర పట్టుకొని ఉరికిండు" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు తమ మొగుళ్లు ఏం పట్టుకుని ఉరికి ఉంటారో తలచుకుని నిట్టూర్చారు. లోకానికంతా లేని సంగతి చెప్పిన నోరు, అమ్మకు ఉన్న సంగతి చెప్పడానికి పెగల్లేదు.

ఆ పని బాపే చేశాడు. భుజాన తడి చీర మూటతో గుట్టెక్కి వచ్చాడు. మూటలోంచి ఒక బొచ్చె చేప తోక బయటికొచ్చి ఇంకా కొట్టుకుంటోంది.

"ఇంట్ల ఎవ్వలు లేరు, బర్రె గూడ లేదు. గీడేం జేస్తుండ్రు?"

"గా చీరేంది?" అంది అమ్మ.

"దోమతెర దొర్కలే. చేతికి గిదే అందింది. వలకంటె మంచిగ పట్టింది."

అమ్మ చీరను చూసింది, బాపును చూసింది, చివరికి నన్ను చూసింది. "నువ్వు కండ్లతోటి చూసినవా బిడ్డా?" అంది. లేదన్నాను. బర్రెను తోలుకుని గుట్ట దిగింది. పులుసు మాత్రం ఎప్పటిలాగే కమ్మగా చేసింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

సాయంత్రానికి మా చానల్ "మా కథనంతో కదిలిన అధికారులు, కట్ట భద్రం" అని వేసుకుంది. డెస్క్ నుంచి అభినందనలు, కొన్నాళ్లకు లోగో కూడా వచ్చాయి. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ముంగట పెట్టి చెప్తె అందరు నమ్ముతరా?"

"అవ్ బాపు."

"మరి మీ అమ్మ?"

ఇప్పుడు నేనే పట్నంలో డెస్క్‌లో కూర్చుంటున్నాను. కుర్ర స్ట్రింగర్లు ఫోన్ చేసి "జనం ఉరుకుతుండ్రన్నా" అంటే, "ఏ దిక్కుకు? చేతుల్లో ఏమున్నయ్?" అని అడుగుతాను. (వెనక నాకు 'చీరన్న' అని పేరు పెట్టారని తెలుసు.) మొన్న ఇంటికి పోతే ఆ చీర బొంతలో ఒక పొరగా కనిపించింది. నేను చెప్పిన వార్తల్లో ఏదైనా యాదికున్నదా అని అమ్మను అడిగాను.

"గదొక్కటే" అంది. "గా జరసేపు మస్తు మంచిగుండె బిడ్డా. మీ బాపు ఇంకింత ఆగి రావల్సింది."

పక్కన పడుకున్న బాపు బొంతను మొహం మీదికి లాక్కున్నాడు. చౌరస్తాలో బజ్జీ చేతపట్టుకుని గొంతు చించుకున్న ఆ కుర్రాణ్ని తలచుకుని నాకు నవ్వొచ్చింది. ఆ వార్తకు మా చానల్ ఇప్పటికీ సవరణ వెయ్యలేదు. వెయ్యమని నేనూ అడగలేదు.