తాంబూలం పుచ్చుకున్న ఫియట్, కోతకొచ్చిన హెరాల్డ్

శుక్రవారం పూట కారుకి సుత్తి తగలనివ్వనని భాగీరథమ్మ ముందే చెప్పేసింది.

"చూసేదంతా కళ్లతోనే చూసుకోండప్పా. మొన్ననే ఆయుధపూజ చేసుకున్న గాడి. దాన్ని కొట్టేదీ, జాకీ పెట్టి ఎత్తేదీ నా ఇంట్లో కుదర్దు."

బెంగళూరు నగర్తపేటలో ఆమె ఇంటి పక్కన రేకుల షెడ్డు. అందులో ఆకాశనీలం రంగు పాత ఫియట్. ఆమె భర్త పోయాక ఆ కారు గడప దాటలేదు. అయినా బానెట్ మీద పసుపూ కుంకుమా, స్టీరింగుకు చామంతి దండ, నాలుగు టైర్ల ముందు ఎండిన నిమ్మకాయలు. 1998 దసరా అప్పుడే దాటింది.

కారు చూడటానికి వచ్చినవాళ్లు ముగ్గురు. కార్ల సీట్లు కుట్టే మునిస్వామి, అతని అన్న అయిన మెకానిక్ అంజినప్ప, మునిస్వామి భార్య పుష్పావతి. కొనేది పుష్పావతి. కానీ భాగీరథమ్మ ధర చెప్పింది అంజినప్పకి, కాఫీ ముందు ఇచ్చింది మునిస్వామికి.

ఆ చుట్టుపక్కల సందుల్లో కార్ల పనిచేసే ఆడవాళ్లు లేరని ఎవరైనా అంటే నమ్మకండి. సీట్లలో కొబ్బరి పీచు కూరేది వాళ్లు, రెక్సిన్ కత్తిరించేది వాళ్లు, మిషన్ తొక్కేది వాళ్లు. బేరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుమ్మంలో మగవాడు నిలబడతాడు. పుష్పావతి పెళ్లై వచ్చిన నాటి నుంచీ ఆ అంగట్లో కుట్టని సీటు లేదు. ఊళ్లో అది "మునిస్వామి కుట్టు".

ఇప్పుడు ఆ కుట్టుకే గిరాకీ పోయింది. వీధుల నిండా కొత్త చిన్నకార్లు. వాటికి రెడీమేడ్ కవర్లు గోనెసంచి తొడిగినట్టు తొడిగించుకుపోతున్నారు. చేతి కుట్టు కోసం వచ్చేది పాత కార్ల సరదా ఉన్న బాబులు మాత్రమే. వాళ్లూ పనంతా ఒకచోట జరిగే షెడ్డుకే బండి ఇస్తారు. సీట్లు మాత్రం విప్పి ఇంకెవరికో పంపరు. అందుకని పుష్పావతి ఒక లెక్క వేసుకుంది. ఒక పాత కారును చేతికందే ధరలో ఎంచుకుని, తుక్కు స్థితి నుంచి రోడ్డెక్కేదాకా తమ అంగడి ముందే బాగుచేయాలి. వచ్చేపోయేవాళ్లంతా చూడాలి. ఆ తర్వాత బళ్లే వెతుక్కుంటూ వస్తాయి. దానికోసం చీటీ ఎత్తింది. మళ్లీ ఎత్తడానికి ఇంకో చీటీ లేదు. కారు ఎంపిక తప్పితే అంగడి మూయడమే.

నిజానికి ఆమె మొదట చూసింది ఫియట్ కాదు. కె.ఆర్.పురం స్టేషన్ అవతల వెంకటగిరియప్ప పాత ఇనుము కొనే గుజిరీలో స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు ఒకటి ఉంది. సీట్లను ఎలుకలు తినేశాయి. పైకప్పు రంగు పొలుసులుగా లేస్తోంది. దాన్ని చూసి అంజినప్ప నవ్వాడు.

"ఇది కారా అమ్మయ్యా? కోళ్లగూడు. దీన్ని అంగడి ముందర పెడితే, మునిస్వామి గుజిరీ ఏపారం పెట్టినాడని మంది గోనెసంచులు ఎత్తుకొస్తారు."

వెంకటగిరియప్ప మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు. "శనివారం మధ్యాహ్నం గ్యాసు కట్టర్ వాడు వస్తాడు. ఆలోపల ఎత్తుకుపోతే మీది. లేకుంటే తునకలు చేసి తూకానికి ఏసేస్తా."

అందుకే ఈ శుక్రవారం ఇంత హడావుడి. పుష్పావతి కారులోకి వంగి సీట్లు తడిమింది. కుట్టు చెదరలేదు. అంచు పైపింగ్ కూడా అసలుదే. ఆమె ముఖం వెలిగింది. ఇంత శ్రద్ధగా పూజ జరిగిన బండికి లోపముండదన్న నమ్మకం ఆమెకూ ఉంది, అంజినప్పకూ ఉంది. రబ్బరు చాప ఎత్తి చూద్దామని ఎవరికీ తోచలేదు. షెడ్డులో కాలు పెట్టేముందే ముగ్గురూ చెప్పులు కూడా విప్పారు.

భాగీరథమ్మ పళ్లెంలో ఆకు, వక్క, అరటిపండు తెచ్చింది. పుష్పావతి అడ్వాన్సు దాంట్లో పెట్టింది. తాంబూలం చేతులు మారింది.

"మా ఆయన పానం దీంట్లోనే ఉండాది తల్లీ," అంది భాగీరథమ్మ. "గుజిరీకి ఇమ్మంటే ఎవురికీ ఇయ్యలేదు. నువ్వు బాగుచేస్తానంటివని ఇస్తాండా."

మర్నాడు పొద్దున పుష్పావతి కొలతల టేపు, స్పానర్ తీసుకుని ఒక్కతే వచ్చింది. కొత్త రెక్సిన్ ఎంత కావాలో తెలియాలంటే సీటు విప్పాలి. శనివారం కదా, భాగీరథమ్మ అడ్డు చెప్పలేదు. గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

పుష్పావతి ముందు సీటు బోల్టుకు స్పానర్ తగిలించి బలంగా లాగింది. బోల్టు తిరగలేదు. సీటే పక్కకు ఒరిగింది. దాని కాలికి అంటుకుని ఎర్రటి రేకు ముక్క ఊడి వచ్చింది. ఆమె రబ్బరు చాప పట్టుకుని ఎత్తింది. చాప కింద కారు లేదు. షెడ్డు నేల బండలు కనిపించాయి.

కారు తలుపు కిందనున్న అంచుపై బొటనవేలితో నొక్కింది. తడిసిన బిస్కత్తులా వేలు లోపలికి దిగింది. అవతలి వైపు కూడా అంతే. హెరాల్డుకు కింద వేరే ఇనుప చట్రం ఉంటుంది. ఒళ్లు పోయినా ఎముక మిగులుతుంది. ఫియట్‌కు ఆ ఒళ్లే ఎముక. అడుగు పోతే బండి పోయినట్టే.

"అమ్మా, దీన్ని ఎట్ల కడిగేవాళ్లు?"

"ఎట్లంటే? అమాస అమాసకీ బిందెలతో నీళ్లు పోసి. లోపలగూడా. మళ్లీ దుమ్ము పోకుండా తలుపులు మూసి పెట్టేది. ఏమి, దుమ్ము కనపడిందా?"

కదిలే బండి తడి ఆరుతుంది. మూసిపెట్టిన బండి తడిని తాగుతుంది. పుష్పావతికి విషయం అర్థమైంది. "మళ్లీ వస్తానమ్మా," అని లేచింది. పరుగున అంగడికి వెళ్లింది.

మునిస్వామి విన్నాడు. చేతిలోని కత్తెర కింద పెట్టాడు. "తాంబూలం పుచ్చుకున్నాక వద్దంటే ఈ ఈదిలో మళ్లీ ఎవురన్నా మనకు పని ఇస్తారా? మాట మాటే పుష్పా. అన్న అతుకులేసి లాగిస్తాడులే."

"దేనికి అతుకేసేది? అతుకు నిలబడేదానికి రేకు ఉండల్ల గదా."

"మరి నిన్న ఏం జూస్తివి?"

"నువ్వు చూసిందే చూస్తిని. పూజ జూస్తిని."

అంజినప్ప బీడీ పడేసి, "ముసలామెకు ఈ మాట చెప్పేదెవురు? నేనైతే పోను. ఆ యమ్మ నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును," అన్నాడు.

"నేను పోతా బావా. తాంబూలం పుచ్చుకునింది నేను."

ఇక మిగిలింది హెరాల్డ్ ఒక్కటే, మధ్యాహ్నం దగ్గర పడుతోంది. కె.ఆర్.పురం దాకా బస్సు, అక్కడ రైల్వే గేటు పడితే ఇంక అంతే. తీగల వంతెన ఇంకా రాని కాలం అది. గేటు పడిందంటే సగం బెంగళూరు అక్కడే చెమటలు తుడుచుకుంటూ నిలబడేది. అయినా ముందు భాగీరథమ్మ ఇంటికే నడిచింది పుష్పావతి. చెప్పకుండా పోవడం ఆమెకు కుదరలేదు.

పళ్లెంలో ఆకూ వక్కా పెట్టి ముందుంచింది. భాగీరథమ్మ వాటిని చూసి, ఆమెను చూసింది.

"ఏమి ఇది?"

"అమ్మా, గాడి అడుగంతా తుప్పు తినేసినాది. నిలబెట్టేదానికి కుదర్దు. నీళ్లు లోపల నిలిచి..."

"ఏం నీళ్లు? పూజ నీళ్లా? నేను పోసిన నీళ్లా?" ఆమె గొంతు హెచ్చింది. పక్కింటి కిటికీలో ఎవరో తొంగిచూశారు. "ఇన్నేండ్లు కండ్లల్లో పెట్టుకుని చూసుకుంటే, నేనే చంపినానంటావా? ధర తగ్గించేదానికి ఎత్తులేస్తా ఉండావా?"

"ధర వద్దమ్మా. ఊరికే ఇచ్చినా నేను బాగుచేయలేను. చేస్తానని నీ ఎదుట అబద్ధం చెప్పి, రేపు నేనే గుజిరీకి ఎయ్యల్ల. అది నా చేత కాదు."

భాగీరథమ్మ లేచి షెడ్డులోకి వెళ్లింది. చాప ఎత్తిన చోట చాలాసేపు నిలబడింది. బయటికి వచ్చాక పళ్లెం తీసుకోలేదు. "అడ్వాన్సు అడగొద్దు," అంది. "ఇంటి ముందర నిలబడొద్దు. పో."

పుష్పావతి అడగలేదు. ఆ సందు మలుపు దాటేలోగా వార్త ఆమెకంటే ముందు వెళ్లింది. "తాంబూలం తిరగ్గొట్టినాదంట, చూడు," అని వెనక నుంచి వినబడింది. పూజ పేరు చెప్పి చాప ఎత్తనివ్వకపోవడం ఎవరికీ తప్పుగా తోచదు. ఎత్తి చూసి నిజం చెప్పిన ఆడది మాత్రం మాట తప్పినదవుతుంది. ఈ న్యాయం ఒక్క నగర్తపేటదే కాదు.

బస్సు రైల్వే గేటు ముందు ఆగిపోయింది. పుష్పావతి దిగింది. పట్టాలు దాటి, లారీల మధ్య నుంచి నడిచింది. వెనక ఎవరో పిలుస్తున్నారు. మునిస్వామి. ఇంకో బస్సులో వచ్చి, అతనూ అదే గేటు దగ్గర దిగాడు.

"ఒక్కదానివే యాడికి పోతాండావు?"

"నువ్వు వద్దంటివి గదా."

"తిట్టేదానికైనా పక్కనుండల్ల గదా," అన్నాడు ఆయాసపడుతూ.

గుజిరీ గేటు దగ్గరికి వచ్చేసరికి నీలి మంట కనిపించింది. గ్యాస్ కట్టర్ వాడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వంగి ఉన్నాడు. హెరాల్డ్ రెండు తలుపులూ అప్పటికే నేలమీద పడి ఉన్నాయి.

"ఆపప్పా, ఆపు!"

వాడు మంట తగ్గించాడు. వెంకటగిరియప్ప చేతిలోని టీ గ్లాసు దించలేదు. "నిన్న ఫియట్ కుదిరినాదని అంజినప్ప ఫోన్ జేసినాడే?"

"కుదర్లేదు. దీన్ని ఒక పక్కకు ఎత్తించన్నా. అడుగు చూడల్ల."

"ఇప్పుడా? వీనికి గంట లెక్కన ఇస్తాండా. చూడకుండా ఎత్తుకుపోతావా, కోసేయమంటావా?"

"చూడకుండా కొననన్నా. ఒకసారి కొని చూస్తిని గదా."

మునిస్వామి ఆమె ముఖం వైపు చూశాడు. తర్వాత దుంగ ఒకటి తెచ్చి బండి అంచు కింద దూర్చాడు. ఇద్దరు కూలీలు చెయ్యి వేశారు. హెరాల్డ్ ఒక పక్కకు లేచింది. పుష్పావతి కొంగు బిగించి కిందికి దూరింది.

అక్కడున్న సుత్తి అందుకుని చట్రం మీద కొట్టుకుంటూ పోయింది. ఖణేల్, ఖణేల్. మధ్య దూలం గట్టిగా ఉంది. వెనక భాగం గట్టిగా ఉంది. ఎడమ పక్కకు వచ్చేసరికి దెబ్బకు చప్పుడు పోయింది. పొడిగా ఎర్రని మట్టి ఆమె కళ్ల మీద రాలింది. బండి ఒంటిని మోయడానికి చట్రం నుంచి పక్కకు చాచిన ఇనుప కొమ్మ ఒకటి పూర్తిగా కుళ్లిపోయింది. ఇంకొకసారి దూలం మీద కొట్టింది. మళ్లీ ఖణేల్.

"బేగ చెప్పు తల్లీ, చేతులు పడిపోతాండాయి," అన్నాడు కూలీ.

ఆమె బయటికి వచ్చింది. జుట్టంతా తుప్పు. మునిస్వామి నెమ్మదిగా అడిగాడు.

"పాడైంది ఉండాది గదా?"

"ఉండాది. ఎంత పాడైందో తెల్సు. నిన్నటిది తెలీలేదు."

"అన్న నవ్వుతాడు."

"నవ్వనీ. పని మనది."

అతను కాసేపు తలుపుల్లేని బండినీ, దాంట్లో ఎలుకలు మిగిల్చిన సీటు స్ప్రింగులనూ చూశాడు. ఆమె డబ్బు మూట విప్పి వెంకటగిరియప్ప చేతిలో పెట్టింది. అతను తూకం ధరకే ఇచ్చాడు, తలుపులతో సహా.

కట్టర్ వాడు పైపులు చుట్టుకోబోయాడు. పుష్పావతి వాడిని ఆపింది.

"పోవద్దప్పా. వచ్చినావు గదా, ఇట్ల దూరు. కుళ్లిన ఈ ఎడమ కొమ్మ ఒక్కటి కోసెయ్, కొత్తది ఏసుకుంటాము. దీని పక్కన ఇనుముకు మంట తగలకూడదు."

వాడు వెంకటగిరియప్ప వైపు చూశాడు.

"అటు చూసేదేమి?" అంది పుష్పావతి. "గాడి నాది."

మంట మళ్లీ వెలిగింది.