నా డిప్రెషన్ తీరం దాటిన వైనం

చుక్క నీరు లేని చెరువులో నేను మునిగి చస్తానేమోనని సగం ఊరు నా వెంట పరుగెత్తిన కథ ఇది. మునిగింది నా పరువొక్కటే. మీరు ఎంతైనా నవ్వుకోండిగానీ మా ఆవిడ ముందు మాత్రం నవ్వకండి, ఆమెకు ఇప్పటికీ ఈ కథంటే నవ్వు రాదు.

మాది ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో, డ్రైవరుకు బుద్ధి పుడితే తప్ప బస్సు ఆగని ఊరు. కొంచెం కంది చేను, ఒక మంద గొర్రెలు మా ఆస్తి. కొన్నేళ్ళ కిందట రోగమొచ్చి మందలో సగం పోయింది. ఆ ఏడు వాన కూడా ముఖం చాటేసింది. నేను అరుగు మీద కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేవాణ్ణి. మా ఆవిడ రమణమ్మ అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవాణ్ణి. వాన పడకపోతే ఏ రైతైనా ఇంతే కదా అనుకున్నాను.

ఆత్మకూరులో సెల్లు షాపు పెట్టుకున్న మా బామ్మర్ది శీను ఒకరోజు వచ్చి, నా ఫోన్ తీసుకుని ఏదేదో నొక్కాడు.

"బావా, డిప్రెషన్‌కి ఇంటర్నెట్‌లో ఒక ప్రోగ్రాం ఉండాది. వారానికో పాఠం వస్తాది. మధ్యలో మేడం ఫోన్ చేస్తాది. నిన్ను చేర్చినాను," అన్నాడు, నా మొహం చూడకుండా.

"మంచి పని చేసినావురా. టీవీలో చెప్పేది నెల్లూరు దాకానే. మన మెట్ట సంగతి వాళ్ళకేం తెలుసు?"

వాడు నన్ను అయోమయంగా చూసి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.

ఇక్కడ నా పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడికి డిప్రెషన్ అంటే ఒకటే. బంగాళాఖాతంలో పుడుతుంది, బలపడుతుంది, తీరం దాటుతుంది. అది వస్తోందంటే సముద్రం పక్కనుండేవాళ్ళు పడవలు కట్టేసుకుంటారు, మెట్టలో ఉండే మేము దండాలు పెట్టుకుంటాం. అది మనుషులకు కూడా వస్తుందని నాకెవరు చెప్పారు?

మొదటి పాఠం వీడియో. మా ఊరి సిగ్నల్‌కి అది తిరుగుతూనే ఉంది. దాన్ని వదిలేసి ప్రశ్నల్లోకి పోయాను. నిద్ర పడుతోందా? లేదు. ఆకలేస్తోందా? లేదు. ఇదివరకు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడూ చెయ్యాలనిపిస్తోందా? లేదు. వాన గురించి ఒక్క ముక్కా లేదేమిటా అని తికమకపడి, పక్కనే కూర్చున్న మాలకొండయ్య చిన్నాయనను అడిగాను. మా ఊళ్ళో వాన జోస్యాలకు ఆయనే పెద్ద దిక్కు.

"గొర్రెలు ముడుచుకుంటే వానొస్తాదని మనం చెప్పడంలా? వీళ్ళు మనిషిని చూసి చెబుతారేమోరా. ఉన్నదున్నట్టు నొక్కు," అన్నాడు.

ఉన్నదున్నట్టే నొక్కాను. చెప్పొద్దూ, ఇంట్లోవాళ్ళు కూడా అడగని సంగతులు ఆ ఫోన్ ఒక్కొక్కటే అడుగుతుంటే ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నాయన చూస్తాడని తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను.

మర్నాడు మేడం ఫోన్ చేసింది. చిన్నాయన కూడా వినాలని స్పీకర్ పెట్టాను.

"మీ జవాబులు చూశానండి. మీ డిప్రెషన్ మధ్యస్థంగా ఉంది."

"అంతేనా మేడం? తీవ్రం కాదా?"

"కాదండి. మీరేం భయపడొద్దు."

"తీవ్రమైతే బాగుండు మేడం."



"ఎందుకలా అనిపిస్తోంది?"

"ఈ కష్టం ఒక్కసారిగా తీరిపోతాది గదా."

"అలా అనుకోకండి. పాఠాలు చేసేకొద్దీ అది బలహీనపడుతుంది."

"బలహీనపడితే ఎట్టా మేడం? మా చెరువు సంగతేంది?"

"చెరువా?" ఆమె గొంతు మారిపోయింది. "చెరువు గురించి తరచుగా ఆలోచనలు వస్తున్నాయా?"

"పొద్దస్తమానం అదే ఆలోచన."

"ఇప్పుడు మీ ఇంట్లో ఎవరున్నారండి?"

"ఇంట్లో ఎవరూ లేరు. ఆమె చేలోకి పోయినాది. మీరు చెప్పినారు గదా, ఇంక ఆలస్యం చెయ్యను. ఇప్పుడే చెరువుకి పోతాండా."

"వద్దండి, ఒక్క నిమిషం..." అంటుండగానే సిగ్నల్ పోయింది.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఆ తల్లి నా ప్రాణం గురించి అడుగుతుంటే నేను వాన గురించి జవాబు చెప్పాను.

"వద్దంటాదేందిరా?" అన్నాడు చిన్నాయన. "పిడుగులు పడతాయనేమోలే. మధ్యస్థమంటే చెరువు సగానికొస్తాది. నీళ్ళొచ్చే కాలవంతా పూడిపోయుండాది. నువ్వు పోయి మొదలుపెట్టు, నేను గంప తెస్తా."

పార భుజాన వేసుకుని బయల్దేరాను. నెర్రెలు దాటుకుంటూ చెరువు మధ్యకు వచ్చేసరికి వెనక నుంచి కేక వినపడింది. రమణమ్మ చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొస్తోంది, ఆమె వెనక సగం ఊరు. ప్రోగ్రాంలో చేర్చేటప్పుడు ఇంట్లోవాళ్ళ నంబరడిగితే శీను వాళ్ళక్క నంబరిచ్చాడట. నా ఫోన్ కలవకపోయేసరికి మేడం ఆమెకు చేసింది.

రమణమ్మ వస్తూనే పార లాగి అవతల పారేసి నా చొక్కా పట్టుకుంది.

"చెరువులో పడి చస్తావా? నన్నొదిలేసి పోతావా?"

"పడేదానికి నీళ్ళు యాడుండాయే?"

"నీకు డిప్రెషనంట. మేడం చెప్పినాది."

"నాకు కాదే, బంగాళాఖాతానికి."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. రమణమ్మ ఆ ఎండిన మట్టిలోనే కూలబడింది.

"నీకేనయ్యా. గొర్రెలు పోయినకాణ్ణుంచి నాతో మాట్లాడినావా నువ్వు? తెల్లార్లూ కళ్ళు తెరుచుకోని పడుకుంటావు. నిన్నడగాలంటే భయమేసి, శీనుకి చెప్పింది నేనే."

నేను నొక్కిన జవాబులన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఈసారి తువ్వాలు అడ్డం పెట్టుకోలేదు.

సరిగ్గా అప్పుడే చిన్నాయన గంప నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మా ఇద్దరి కళ్ళనీళ్ళూ చూసి, "ఏంరా, అప్పుడే తీరం దాటినాదా?" అన్నాడు.

రమణమ్మ తప్ప అందరూ నవ్వారు.

సాయంత్రం మేడంకి జరిగిందంతా చెప్పాను. నవ్వాలో వద్దో తెలియక ఆమె చాలాసేపు దగ్గింది. పాఠాలు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను, రమణమ్మను పక్కన కూర్చోబెట్టుకుని. రోజూ ఏదో ఒక చిన్న పని చెయ్యమని ఒక పాఠంలో ఉంటే, ఆ కాలవే కొంచెం కొంచెంగా పూడిక తీశాను. మెల్లగా ఆకలేసింది, తర్వాత నిద్ర పట్టింది. వాన మాత్రం మరుసటి ఏడు వచ్చింది, ఏ పాఠాలూ చెయ్యకుండానే.

ఇప్పటికీ టీవీలో డిప్రెషన్ అన్న మాట వస్తే చాలు, "ఒరే, ఇది నీదా, సముద్రానిదా?" అని ఊళ్ళో అడుగుతారు. అందుకే ఉదయగిరి కొండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు డిప్రెషన్ అన్నా, "ఎవరికి?" అని అడగనిదే పార ముట్టను. సముద్రానికి అంటే కాలవ దగ్గరికి పోతాను. మనిషికి అంటే పోయి ఆ మనిషి పక్కన కూర్చుంటాను. అదీ చెరువు గట్టు మీద మాత్రం కాదు, రమణమ్మ చూసిందంటే మళ్ళీ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తుంది.