చాయ తప్పిన పట్టు చిలపలు

ధర్మవరంలో మా ఆయన నాగప్ప పట్టు దారానికి రంగేస్తే, వంద చిలపల్లోనూ, అదే వంద దారపు కట్టల్లోనూ, ఒకటే చాయ వస్తుందని పేరు. ముప్పై ఏళ్లుగా ఆ పేరు కోసమే వేడి తొట్టి దగ్గర చేతులు కాల్చుకున్న మనిషి. అలాంటివాడు మొన్న ఆదివారం చేసిన పని తలచుకుంటే నాకింకా అయోమయంగానే ఉంది.

మా అమ్మాయి యామిని బెంగళూరులో నక్షత్రాల మీద పరిశోధన చేస్తుంది. ఏం పనమ్మా అని ఈయన ఫోన్‌లో అడిగితే, "కంప్యూటర్ పనిలే నాయనా, తిన్నావా?" అని మాట దాటేసేది. బిడ్డ దూరమైపోతోందని ఈయన ముఖం చిన్నబుచ్చుకునేవాడు. ఈసారి అది ఇంటికి రాగానే పట్టుబట్టాడు. విసుక్కుంటూనే చెప్పింది. నక్షత్రాల కడుపులో ఇనుములాంటివి తయారవుతాయట. ఆ నక్షత్రాలు చచ్చేటప్పుడు వాటిని చుట్టూ ఉన్న వాయువులోకి చిమ్ముతాయట. ఆ వాయువు నుంచే మళ్లీ కొత్త నక్షత్రాలట! ఏ తరంలో ఎంత ఇనుముంటుందో ఇది లెక్క కడుతుందట. నాకు ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు.

ఈయన లేచి పొయ్యి ముట్టించాడు. ఒకే తొట్టిలో ఆరు చిలపలు ఒకదాని తర్వాత ఒకటి ముంచి దండెం మీద వేశాడు. మొదటిది ముదురెరుపు, ఆఖరిది వెలిసిపోయినట్టు.

"ఇదేనామ్మా నీ లెక్క?"

యామిని పకపకా నవ్వింది. "తిరగేసినావు నాయనా! ఈడ ముంచేకొద్దీ రంగు తగ్గుతాది. ఆడ తరం తరానికీ పెరుగుతాది."

ఈయన తల గోక్కున్నాడు. తొట్టి కడిగి, కొత్త నీళ్లు పోసి, ఈసారి చిలప చిలపకూ రంగు పెంచుతూ ముంచసాగాడు.

"ఏమయ్యా, షావుకారు పట్టు అది! పిచ్చి పట్టిందా?" అని అరిచాను.

"అన్నీ మళ్లా ముదురు రంగులో ముంచిస్తాలే, నువ్వూరుకో." ఆయన కూతురివైపు తిరిగాడు. "ఏ చాయవి ఎన్ని ఎయ్యాలమ్మా?"

"నా లెక్కలో లేతవి, అంటే ఇనుము తక్కువుండే నక్షత్రాలు, శానా వస్తాండాయి. ఆకాశంలో చూస్తే కొన్నే ఉండాయి."

"మిగతావి యాడికి పోయినాయి?"

యామిని నవ్వు ఆగిపోయింది. దండెం కింద కూలబడింది.

"అదే తెలీకుండా ఉండాది నాయనా. మూడు నెల్లుగా ఇదే తిప్పలు. ఎవరికీ చెప్పుకోలేదు."

ఈయన తడి చేతులు లుంగీకి తుడుచుకుని దాని పక్కనే చతికిలబడ్డాడు.

"మొదట్నుంచి చెప్పు," అన్నాడు.

అది చెబుతూ పోయింది. ఈయన మధ్యలో అడ్డమైన ప్రశ్నలన్నీ అడిగాడు. నేను రెండుసార్లు అన్నానికి పిలిచాను. ఇద్దరిలో ఒక్కరూ దండెం కింద నుంచి లేవలేదు.