ఐదు నెలల ఏడాది

రంగూన్‌లో, సైన్యం ఏలే ఆ రోజుల్లో, ఏది ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున చేతిలో ఉన్న నోటు సాయంత్రానికి చెల్లదని రేడియో చెప్పేది. బయటి దేశం నుంచి ఉత్తరం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. సరిగ్గా అలాంటి కాలంలో మా షావుకారుగారికి పనివాళ్ల రిటైర్మెంటు ఫండుకు లెక్కల సంవత్సరం మార్చాలన్న బుద్ధి పుట్టింది! అహ్లోన్ రేవు పక్కన ఆయనకు గోనెసంచుల గోదాం ఉండేది. నేను అక్కడ కొత్తగా చేరిన గుమాస్తాను (అంటే టైపు కొట్టడం, టీ తెప్పించడం, తిట్లు తినడం). తాతల నాటి నుంచీ ఆ ఫండుకు దీపావళి నుంచి దీపావళికి ఏడాది. దాన్ని సర్కారు లెక్కలకు సరిపెట్టి మార్చి ఆఖరుకు ముగించాలంటే, మధ్యలో ఒక్కసారి ఐదు నెలల పొట్టి ఏడాది వస్తుంది. దానికి పనివాళ్లందరూ ఒకచోట కూడి ఒప్పుకోవాలి. ఒప్పించే పని నా నెత్తిన పడింది.

గోదాంలో తూకం వేసే పెద్దాయన్ని అందరం కాటా మావ అనేవాళ్లం. వచ్చే మార్చి ఆఖరున పని మానేస్తానని చెప్పి ఉన్నాడు. పాత పద్ధతిలో ఏడాది నిండకుండా మానేస్తే ఆ చివరి నెలలకు షావుకారు ఫండులో కలిపే వాటా రాదు, కొత్త పద్ధతిలో మార్చికే ఏడాది నిండుతుంది గనక వస్తుంది. అంటే బాగుపడేది ఆయనే. అందరికంటే గట్టిగా అడ్డం తిరిగిందీ ఆయనే!

"ఐదు నెల్లకి ఏడాదేటి అమ్మీ? నెల్లు తక్కువై పిల్ల పుడతాది గానీ ఏడాది పుడతాదేటి?"

"మీకే లాభం మావా!"

"మొన్న నోట్లు సెల్లవన్నప్పుడూ మన మంచికేనన్నారు. ఇప్పుడు ఏడాది సెల్లదంటన్నావు!"

గోడకు చెప్పినా కాస్త తల ఊపేదేమో. సభ పెట్టిన రోజున వీధిలో విద్యార్థుల ఊరేగింపు వచ్చింది. సభ్యులంతా నినాదాలిస్తూ దాని వెంట వెళ్లిపోయారు. మళ్లీ పెడితే బస్సులు లేవు. షావుకారుగారు మాత్రం, "దేశం సంగతి దేశం చూసుకుంటుంది, ఫండు సంగతేమిటి?" అని నన్ను దులిపేవారు.

ఒక మధ్యాహ్నం రోడ్డు మీద తుపాకులు పేలాయి. లోపల ఉన్నవాళ్లం ఉన్నట్టే తలుపులు బిగించి గోనెల చాటున నక్కాం. షావుకారుగారూ మా మధ్యే ఒదిగి కూర్చున్నారు. చుట్టూ చూస్తే సభ్యులంతా ఉన్నారు! నేను తీర్మానం చదవడం మొదలుపెట్టాను. ఎవరూ లేచి పోలేదు, పోవడానికి దారేది?

కాటా మావ గొంతు తగ్గించి అడిగాడు. "మార్చి దాకా బతికుంటే ఆ వాటా నాదేనేటి?"

"మీదే మావా."

"బతక్కపోతే?"

"అత్తకి."

"మరి ఈ ముక్క ముందే సెప్పొచ్చు గదేటి!" అని చెయ్యెత్తాడు. (ఎన్నిసార్లు చెప్పానో ఆ దేవుడికెరుక.) మిగతా చేతులన్నీ లేచాయి. కాటా మావ మార్చి దాకానే కాదు, ఆ తరువాతా చాలాకాలం బతికాడు, ఆ వాటా తనే తీసుకున్నాడు.

ఆ సాయంత్రం కాస్త సద్దుమణిగాక సందుల వెంట నడిచి ఇల్లు చేరాను. అమ్మ ఏడుస్తూ తలుపు తీసింది.

"అమ్మా, పాసయింది!" అన్నాను.

ఏం పాసయిందో అడగకుండా వీపు మీద రెండు తగిలించి, అన్నం పెట్టింది. కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాను. పాసయిందని మురిసిన అప్పటి ఆ పిల్లను, అంటే నన్నే, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు వెయ్యని భయం మాత్రం, ఇన్నేళ్ల తరువాత, ఇప్పుడు వేస్తోంది.