మంచం చుట్టూ ర్యాంకుల వరుస

మెడికల్ కాలేజీలో నా ర్యాంకు ఎనభై ఒకటి. ఈ సంగతి నాకంటే ముందు గద్వాలలో మగ్గం మీదున్న మా నాయినకు తెలిసింది. ఇంటర్నల్ పరీక్షలు కాగానే నూరుమంది ర్యాంకులూ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు మా కాలేజీవాళ్లు. మా నాయిన వెంటనే ఫోన్ చేశాడు.

"ఎనభై ఒకటి! మస్తుగొచ్చినయి బిడ్డా."

"అవి మార్కులు కావు నాయినా, ర్యాంకు. నూరుమందిలో ఎనభై ఒకటోవాణ్ణి."

"అట్లనా? పక్కింటోళ్లకు చెప్పేసిన గదరా."

అది నవ్వి వదిలేయొచ్చు. వార్డులో వరుసను మాత్రం వదిలేయలేను. రోగి మంచం చుట్టూ మేం ర్యాంకుల ప్రకారం నిలబడాలి. మా బ్యాచిలో ఇరవైమందిమి. మొదటి ర్యాంకు అమ్మాయి రోగి తల దగ్గర, నేను చివర సెలైన్ స్టాండు పక్కన. ఈ ఆచారం ఎవరు పెట్టారని అడిగితే ఎవరికీ తెలియదు. పుట్టుకను బట్టి పంక్తిలో చోటు ఇవ్వడం అన్యాయమని బడి రోజుల్లో వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణి. ఇక్కడ మాత్రం రోజూ పొద్దున్నే నోరు మూసుకొని వెనక నిలబడ్డాను. రోగి గుండె వినే చెవిని మార్కులతో కొలిచే బుద్ధి ఎక్కడిదో!

ఒకరోజు ఆరో మంచం మీది ఆమె గుండె వినమన్నారు సారు. బిజినేపల్లి దగ్గరి రైతు. గుండె కవాటం చెడింది కాబట్టి లబ్‌డబ్ అనే మామూలు చప్పుళ్ల మధ్య మర్మర్ అనే అదనపు శబ్దం వినబడాలి. విన్నది ఎవరి రికార్డు పుస్తకంలో వాళ్లు రాయమని చెప్పి సారు పక్క వార్డుకు పోయారు.

మొదటి ర్యాంకు అమ్మాయి స్టెతస్కోపు పెట్టి, "మర్మర్ ఉంది" అంది. రెండో ర్యాంకు "ఉంది" అన్నాడు. ఆ "ఉంది" వరుస వెంట నడిచి నా దాకా వచ్చింది. నేను విన్నాను. శుభ్రమైన లబ్, శుభ్రమైన డబ్, ఇంకేమీ లేదు. ఎనభై ఒకటోవాడి చెవి ఏపాటిదిలే అనుకొని, రికార్డు మార్కులకు భయపడి, "మర్మర్ ఉంది" అని రాశాను.

అప్పుడే ఒకామె చాయ్ గ్లాసుతో వచ్చింది. "లేవే చెల్లె! నా మంచం మీద పండినవేందే?"

"నడుం వాల్చిన అక్కా, గింతలనే వీళ్లు చుట్టుముట్టిరి. ఒక్కరన్న పేరడగలే. నాగ్గూడ రోగమొచ్చిందేమోనని పరేషానైతున్న!"

ఇరవైమందిమి ఆరోగ్యవంతురాలి గుండెలో జబ్బు విన్నాం!

వరండాలో మొదటి ర్యాంకు అమ్మాయిని నిలదీశాను. "నాకేం వినబడలే. కేస్ షీట్‌లో ఉందని చెప్పిన. ఫస్ట్ ర్యాంకుకే వినబడలేదంటే నవ్వరా?" అంది. కోపం వచ్చింది గానీ, ఎవరి మీద చూపించను? ర్యాంకు పోతుందని ఆమె అబద్ధమాడితే, ర్యాంకు లేదని నేను నా చెవిని నమ్మలేదు.

మధ్యాహ్నం ఇద్దరం మళ్లీ వెళ్లాం. పేరడిగాం. "గిప్పుడు సక్కగడిగిన్రు, ఇనుండ్రి" అంది అసలు రోగి. విన్నాను. తడి నేల మీద చీపురు ఈడ్చినట్టు బరబరమని, స్పష్టంగా ఉంది. రికార్డులో పొద్దుటి మాట కొట్టేసి, "ఉదయం విన్నది రోగి చెల్లెలి గుండె. మర్మర్ లేదు" అని రాసి, కింద అసలు సంగతి రాశాను. ఆ అమ్మాయి పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టుకుంది.

కొట్టివేతలున్నాయని నా రికార్డుకు మార్కులు కోశారు. కొట్టివేతలు లేని పంతొమ్మిది రికార్డులకు పూర్తి మార్కులు. తర్వాతి జాబితాలో నేను ఎనభై నాలుగు.

నాయిన ఫోన్ చేశాడు. "ఎనభై నాలుగు... ఇది గూడ ర్యాంకేనా?"

"ర్యాంకే."

"అయితే ఎవ్వరికీ చెప్పనులే."

"చెప్పు నాయినా. ఎందుకొచ్చిందో అది గూడ చెప్పు" అని, ఆరో మంచం కథ మొదలుపెట్టాను.