మా అవ్వ పోయిన అయనం

నా చిన్నప్పుడు, సంక్రాంతి ఇంకా వారం ఉందనగా, మా అవ్వ పోయింది. ముందురోజు సాయంత్రం ఆమె నన్నొక మాట అడిగింది. నేను జవాబు చెప్పాను. ఆ జవాబు విన్నాకే అవ్వ ప్రాణం వదిలేసిందని మా అత్త బతికినన్నాళ్ళూ అంటూనే ఉండేది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

మా ఊరు రూపనగుడి పక్కన. ఇంటి అరుగు మీద కూర్చుంటే పడమటి గుట్టల వరస బారుగా కనబడేది. ఆ వరసలో ఒకచోట గొడ్డలితో నరికినట్టు ఒక గంటు ఉండేది. చలికాలం ముదిరేకొద్దీ పొద్దు రోజురోజుకీ ఎడమపక్కకు జరిగి జరిగి, ఆ గంటులో కుంకేది. కొన్నాళ్ళు అక్కడే ఆగినట్టుండి, తర్వాత మెల్లగా కుడివైపుకు మళ్ళేది. మా తాత అరుగు మీద సున్నంతో గీత గీసి, ఏటా ఆ గీత దగ్గరే కూర్చుని చూసేవాడు. కూర్చునే చోటు మారితే గుట్ట అబద్ధం చెబుతుందనేవాడు. ఆ ఏడు బడికి క్రిస్మస్ సెలవులిచ్చినప్పటి నుంచీ నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. పొద్దు గంటును వదిలి బయటికి రావడం నా కళ్ళతో చూశాను.

అవ్వకు కడుపులో గడ్డ. బళ్ళారి ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గంజి కూడా నిలిచేది కాదు. అయినా ఆమె పట్టుబట్టి బతుకుతూ ఉండింది. దక్షిణాయనంలో పోతే పైకి దారి ఉండదని ఆమె నమ్మకం. నొప్పికి దుప్పటి అంచు కొరుక్కుంటూ, సంక్రాంతికి ఎన్నాళ్ళుండాదని పొద్దున ఒకసారి, మాపున ఒకసారి అడిగేది. మా అత్త వేళ్ళు మడిచి లెక్క చెప్పేది.

ఒక సాయంత్రం తాత, మా నాయన కలిసి మంచాన్ని ఎత్తి అరుగు మీద పెట్టారు. తాత గుట్టలవైపు చెయ్యి చూపించి, పొద్దు అప్పుడే మళ్ళిందని, ఉత్తరాయణం వచ్చి రెండు వారాలు దాటిందని చెప్పాడు. నొప్పిలోనూ అవ్వ నోరు ఊరుకోలేదు.

"పంచాంగం రాసినోడి కన్నా నువ్వు పెద్దోడివా? నన్ను బిరీన సాగనంపాలని చూస్తాండావు."

అవ్వ నావైపు తిరిగింది.

"నువ్వు చెప్పు పాపా. ఈయన మాట నేను నమ్మను. పొద్దు నిజంగా ఈపక్కకు వచ్చిండాదా?"

వచ్చిందని చెప్పాను. ఎంత అని అడిగింది. ఇద్దరు సూర్యుళ్ళను పక్కపక్కన పెట్టినంత అన్నాను. అవ్వ చాలాసేపు గుట్టనే చూసింది. ఆ రాత్రి లెక్క అడగలేదు. తెల్లారి పోయింది.

మా తాత అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి నేను చదువుకున్నాక తెలిసింది. ఒకప్పుడు సూర్యుడు మకర రాశిలోకి వచ్చే రోజు, దక్షిణం నుంచి మళ్ళే రోజు ఒకటిగానే ఉండేవి. భూమి తిరిగే బొంగరం తలలాగా మహా మెల్లగా ఊగుతుంది. ఆ ఊపుకు డెబ్భై రెండేళ్ళకు ఒక రోజు చొప్పున ఆ రెండూ విడిపోతూ వచ్చాయి. చలీ ఎండా పొద్దు మళ్ళడాన్ని పట్టుకుని నడుస్తాయి. మన సంక్రాంతి, విత్తనానికి చూసుకునే కార్తెలు నక్షత్రాలను పట్టుకుని నడుస్తాయి. ఇప్పుడు ఆ రెంటి మధ్య మూడు వారాలకు పైగా ఎడం. మనిషి ఆయుష్షులో జరిగేది ఒక్కరోజే కాబట్టి ఎవరికీ పట్టదు.

పురోహితుడు వచ్చి, దక్షిణాయనంలో పోయింది కాబట్టి నువ్వుల దానం కొంచెం ఎక్కువగా ఇవ్వమన్నాడు. నేను తాత మొహం చూశాను. ఆయన నోరు తెరుస్తాడనుకున్నాను. నలుగురి ముందూ తల వంచుకుని దానమిచ్చాడు. ఆ తర్వాతే మా అత్త నన్ను పట్టుకుంది. ఇంకొక్క వారం ఓపిక పట్టే మనిషిని నీ నోటితో పంపించినావు గదే అంది. తాత అది కూడా విన్నాడు. కర్మంతరం అయ్యాక నన్ను అరుగు దగ్గరికి పిలిచి, చూసినదాన్ని చూడలేదని మాత్రం ఎప్పుడూ అనొద్దమ్మా అన్నాడు. ఆ మాట ఆయన నలుగురిలో అని ఉంటే మా అత్త నన్ను అంత మాట అనేది కాదేమో. పాఠం మంచిదే. దాని బరువు మాత్రం నా ఒక్కదాని మీద పడింది.

అత్త ముసలిదయ్యాక, ఒక డిసెంబరులో ఆమెను ఆ గీత దగ్గర కూర్చోబెట్టి పొద్దు చూపించాలనుకున్నాను. అవి మా గుట్టల్లో ఇనుప గనులు జోరుగా సాగుతున్న రోజులు. మా తమ్ముడివే నాలుగు టిప్పర్లు ఆ గుట్ట నుంచి ఖనిజం తోలుతుండేవి. అత్త రానని మొండికేసి, చివరికి వచ్చింది. పుల్లలా ఉన్న చేత్తో కళ్ళకు నీడ పట్టుకుని కూర్చుంది. పొద్దు గుట్టను తాకకముందే ఎర్ర దుమ్ములో మాసిపోయింది. దుమ్ము కింద గంటు లేదు. గంటుకు అటూ ఇటూ ఉండిన శిఖరాలూ లేవు. మెట్లు మెట్లుగా తవ్విన గోడ ఉంది.

"యాడుండాది మే నీ గుట్ట?" అంది అత్త.

ఎగతాళిగా అనలేదు. నిజంగానే వెతుకుతోంది. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఆ మరుసటి ఏడు ఆమె పోయింది.

గనులు ఆగాయి. తమ్ముడి టిప్పర్లు తుప్పు పట్టాయి. ఇంటికి రెండుసార్లు సున్నం వేయించినా, అరుగు మీది గీతను నేను చెరపనివ్వలేదు. డిసెంబరులో అక్కడ కూర్చుంటాను. చూసినది చూశానని చెప్పడానికి నేనున్నాను గానీ, పక్కన సాక్షి లేదు. అవ్వ తిథి నాడు ఇప్పటికీ మా ఇంట్లో నువ్వుల దానం ఎక్కువగానే ఇస్తున్నారు.